తాకినఁ బలుకు ధ్వని

రేడియో నాటకమునకు చప్పుళ్ళు సమకూర్చువాని చేతిలో వ్రాతప్రతి యొకటి యుండెడిది. ఏ పుటలో తలుపు తెఱచుకొనునో, ఏ మాట ముగిసిన పిమ్మట ఉఱుము వినబడవలెనో, గుఱ్ఱపు డెక్కల చప్పుడు ఎంత దూరమున మొదలై ఎంత దగ్గఱకు వచ్చి ఆగవలెనో ఆతనికి ముందే తెలియును. రేకును ఊపుటకై గాని, కొబ్బరిచిప్పలను బల్లపై తాటించుటకై గాని ఆతడు ఎదురుచూచునది నటుని మాటకొఱకే కాని శ్రోత చేష్టకొఱకు కాదు. సినిమాకు మాటలు వచ్చిన తొలినాళ్ళలో, 1929 నాటి ‘షో బోట్’ చిత్రమునకై యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ తెఱపై బొమ్మను చూచుచు అడుగుల సవ్వడిని, బట్టల రెపరెపను తన కాళ్ళతోను చేతులతోను పలికించెను. ఆ విద్యకు నేటికిని ఆయన పేరే నిలిచియున్నది. ఆయనకును బొమ్మ ముందే నిశ్చితమై యుండెను. కంప్యూటరు తెఱమీదనో, చేతిఫోనులోనో, ప్రదర్శనశాలలోని గదిలోనో చూపరి తాకినప్పుడు మాత్రమే కదలెడు ఇంటరాక్టివ్ మల్టీమీడియా కృతులలో ఈ నిశ్చయము లేదు. ఏ ధ్వని, ఎప్పుడు, ఎన్నిమార్లు, దేని వెనుక వినబడునన్నది కల్పకుని చేజాఱి చూపరి చేతిలో పడినది. తలుపును ఒకడు ఒక్కమాఱు తీసి తన దారిని పోవును. మఱొకడు, అందును పిల్లవాడైనచో, ఆ కిఱ్ఱుమను చప్పుడు బాగున్నదని తీసి మూసి, మూసి తీసి ఆడుకొనును.

ఈ రంగమునందలి గుణదోషములన్నియు ఈ ఒక్క భేదమునుండియే పుట్టుచున్నవని నా అభిప్రాయము. ఇచట చప్పుడన్నది చేతికి వచ్చు ప్రత్యుత్తరము. ఆ ఉత్తరము వేళకు వచ్చినదా, అడిగినదానికే చెప్పినదా, పదియవ మాఱు వినినను విసుగు పుట్టింపకున్నదా, అన్నింటికంటె ముఖ్యముగా నిజము చెప్పినదా అని విచారింపక, ధ్వని ఎంత వింతగా నున్నదని మాత్రమే మెచ్చుకొను విమర్శ మనకు విస్తారముగా కలదు. వినని చప్పుళ్ళను పోగుచేయుటయే సృజనమని విద్యార్థులకు బోధించు పాఠములును కలవు. అతి సామాన్యమైన చిటుక్కుమను సవ్వడియే తగిన చేష్టకు తగిన క్షణమున బదులైనచో ఎంతటి శక్తి కలదగునో గడచిన ఏబదియేండ్ల కృతులను వరుసగా వినినవారికి విశదము కాకపోదు.

తొలి వీడియో గేములలో ధ్వనికి దొరకిన చోటు బహు స్వల్పము. 1972లో అటారీ సంస్థకై ‘పాంగ్’ ఆటను నిర్మించుచున్న ఆలన్ ఆల్కార్న్‌తో, జనసమూహపు హర్షధ్వానము వినబడవలెనని యజమాని నోలన్ బుష్నెల్ చెప్పెను. అట్టి ధ్వనిని పుట్టించు భాగములను చేర్చుటకు పరికరములో తావు లేదు. బొమ్మను తెఱపై కుదురుగా నిలుపుటకు లోపల అప్పటికే నడచుచున్న విద్యుత్స్పందనములను వెదకి, వానిలో చెవికి ఆనెడి స్వరమును పట్టి, బంతి తగిలిన క్షణమున అది స్పీకరునకు చేరునట్లు ఆల్కార్న్ తీగ కలిపెను. హర్షధ్వానమునే అమర్చియుండినచో ఆటగాని గెలుపును మూడవవా రెవరో మెచ్చుకొనుట అయ్యెడిది. ఈ పొడి చప్పుడు మాత్రము ఆతని చేయి తానే పలికినట్లుండెను. లేమివలన కలిగిన మేలని దీనిని తేలికచేయువారు కలరు. లేమి ఆనాడు అందఱికిని ఉన్నదే. ఏ చేష్టకు చప్పుడు కావలెనో, దేనికి అక్కఱలేదో తేల్చుకొనినవారు కొందఱే.

1978లో జపానునందలి టైటో సంస్థ వెలువరించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ లో తొమొహిరో నిషికాడో ఇంకను ముందునకు పోయెను. పైనుండి దిగివచ్చు శత్రుపంక్తుల నడకకు తోడుగా నాలుగే నాలుగు మంద్రస్వరములు, ఒకదానికంటె ఒకటి దిగుచు, మరల మరల వినబడుచుండును. శత్రువులు కూలినకొలది గీయవలసిన బొమ్మలు తగ్గి యంత్రము మిగిలినవారిని వడిగా నడపజొచ్చినది. ఆ లక్షణమును దోషమని సవరింపక కల్పకుడు నిలుపుకొనెను. దానితో స్వరములును వడి హెచ్చి, తుదకు ఆటగాని గుండెదడతో పోటీపడును. ఇందలి చమత్కారమును గమనింపుడు: ఆతనిని భయపెట్టుచున్నది ఆతని విజయమే. ఎన్ని గుండ్లు గుఱికి తగిలిన అంత త్వరగా ఆ అడుగులు మీదికి వచ్చును. సినిమా సంగీతకారుడు ఎంతటి ప్రతిభావంతుడైనను ప్రేక్షకుని చేతులతోనే ప్రేక్షకుని ఇట్లు తఱుమజాలడు.

నింటెండో వారి గృహయంత్రమునకు ధ్వనిమార్గములు 5 మాత్రమే; సంగీతమును చప్పుళ్ళును వానినే పంచుకొనవలసి యుండెను. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ లో కథానాయకుడు ఎగిరినప్పుడెల్ల పాటలోని ఒక స్వరపంక్తి క్షణకాలము తప్పుకొని ఆ చప్పుడునకు చోటిచ్చును. శ్రద్ధగా వినినగాని ఇది తెలియదు. కోజీ కొండో కల్పించిన ఆ ధ్వని క్రిందినుండి జఱ్ఱున పైకి జాఱు స్వరము. లోకమున ఎగిరిన మనిషి ఎవ్వడును అట్లు పలుకడు. అయినను అది అబద్ధమని ఎవరికిని తోచకపోవుటకు కారణము, చెవి దానిని బూట్ల చప్పుడుగా గాక ఎక్కిన ఎత్తుగా వినుటయే.

1990ల తొలి భాగమున సీడీరామ్ వాడుకలోనికి వచ్చి 650 మెగాబైట్ల చోటు నొక్కసారిగా అందించినప్పుడు ఈ పొదుపు చాలవఱకు చెదరినది. విజ్ఞానసర్వస్వములును, పిల్లల కథల పళ్ళెములును ప్రతి బొమ్మ వెనుక నొక వాద్యగోష్ఠిని, ప్రతి మీట వెనుక నొక నవ్వును నింపుకొని వచ్చినవి. వానిలో పెక్కింటిని నేడు తలచుకొనువారు లేరు. మిగిలిన ఒకటి రెండు కృతులలో 1993 నాటి ‘మిస్ట్’ ప్రధానమైనది. రాండ్, రాబిన్ మిల్లర్ అను సోదరులు ఆపిల్ వారి హైపర్‌కార్డ్ అను ఉపకరణముపై దీనిని తొలుత కట్టిరి. ఇందలి దృశ్యములలో అధికభాగము కదలని బొమ్మలే. ఒక చోట నొక్కినచో అడుగు ముందున్న మఱొక బొమ్మ తెఱపైకి వచ్చును, అంతే. కాని బొమ్మలు మాఱుచున్నను కెరటముల హోరు తెగదు, గాలి ఆగదు. గుమ్మము దాటినంతనే హోరు మందగించి గదిలోని నిశ్శబ్దము చెవులకు తగులును. కాలము గడచుచున్నదను భ్రాంతిని, ద్వీపమున నడచుచున్నామను నమ్మకమును అందించినది అచ్చముగా ధ్వనియే. సంగీతము వాస్తవికతకు అడ్డమగునని రూపకర్తలు మొదట తలచి, పరీక్షించి చూచిన పిమ్మట కొంత చేర్చుకొనిరి. ఆ కొంతయు నాకు కొన్నిచోట్ల ఎక్కువగనే తోచును.

‘మిస్ట్’ లో శబ్దమును విషయముగా చేసికొనిన చిక్కుముడి యొకటి కలదు. దానిని కొంచెము దగ్గఱగా చూడవలెను. ఒక లోకమున తిరుగు కోటను చీకటిలో త్రిప్పుట నేర్చుకొను యంత్రముండును. ఉత్తరమునకు ఒక శబ్దము, తూర్పునకు ఒకటి, ఇట్లు నాలుగు దిక్కులకు నాలుగు శబ్దములు వినబడును. ఆటగాడు దానిని ఆ యంత్రమునకు సంబంధించిన ముచ్చటగా భావించి సాగిపోవును. మఱొక లోకమున, భూమి లోపలి సొరంగములలో పట్టాలపై పోవు బండిలో కూర్చున్నప్పుడు, ప్రతి కూడలిలోను అవే శబ్దములు మరల వినబడి పోవలసిన దిక్కును చెప్పును. ఈశాన్యమైనచో ఉత్తరపు శబ్దమును తూర్పు శబ్దమును కలిసి వినబడును. ఒకచోట ఊరక విన్నది మఱొకచోట భాషయై నిలిచినది. ఆ లోకమునకంతటికిని చెవియే ప్రధానము: నీటి సవ్వడి, అగ్ని, గడియారము, స్ఫటికములు, గాలి, వీనిని వేర్వేరు తావులలోని మైక్రోఫోనులద్వారా గుర్తించి వరుసగా కూర్చినగాని ఆ బండి యున్న తావునకు దారి తెఱచుకొనదు. ఎందఱో ఆటగాండ్రు దిక్కుల శబ్దములను గమనింపక సొరంగములలో గంటలకొలది తిరిగి కల్పకులను దూషించిరి. ఆ దూషణలో న్యాయము కొంత లేకపోలేదు. చెవితో నేర్చుకొనదగినది ఇక్కడ ఉన్నదని చూపరికి ఎక్కడనో సూచింపవలెను. అది ఈ కృతిలో అతిస్వల్పము.

అదే ‘మిస్ట్’ లో ఆవిరికొలిమి మంటకై నిజమైన మంటను రికార్డు చేసి చూడగా అది మంటవలె వినబడలేదట. కంకఱరాళ్ళ బాటపై కారును మెల్లగా నడపి ఆ చిటపటలను సాధించిరి. గడియారపు గోపురము గంట కేవలము పానాను తాటించి శ్రుతి తగ్గించిన ధ్వని. ఇట్టి మాయ ఈ వృత్తిలో పాతదే. ‘డాక్టర్ హూ’ అను ధారావాహికలో కాలయానము చేయు పెట్టె ధ్వనికై బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాపులోని బ్రయన్ హాడ్జ్‌సన్ తన తల్లి ఇంటి తాళపుచెవితో పియానో మంద్రతంత్రిని గీఱెను. 1977 నాటి ‘స్టార్ వార్స్’ లో తుపాకుల చప్పుడునకు బెన్ బర్ట్ రేడియో స్తంభమును నిలిపిన ఉక్కుతాడును సుత్తితో కొట్టెను. 2016లో వెలువడిన ‘ఇన్‌సైడ్’ అను ఆటకై మార్టిన్ స్టిగ్ ఆండర్సన్ ధ్వనులను నిజమైన మనుష్యకపాలముగుండా పంపి మరల రికార్డు చేసెను. మన గొంతు మనకు ఎముకలద్వారా వినబడునప్పటి లోతు ఆ ధ్వనులకు దానివలన అబ్బినది. ఈ కథలు వినుటకు కడు ఇంపైనవి గనుకనే పత్రికలు వీనినే మరల మరల చెప్పుచుండును. కపాలము కథను విని ఆశ్చర్యపడువారు, ఆ ఆటలో బాలుని ఊపిరి పరుగునకును భయమునకును తగినట్లు మాఱుట యను కష్టతరమైన పనిని గమనింపరు. పుట్టుక ఎంత విచిత్రమైనను, ఆటగాని చేష్టతో ముడిపడని ధ్వని సినిమా ధ్వనియే.

ఇక ఆటలను విడిచి పనిముట్లవైపు చూచినచో, 1980లలో విలియం గేవర్ ఆపిల్ కంప్యూటరు కొఱకు కల్పించిన ‘సోనిక్ ఫైండర్’ ఈ సమీక్షలో అగ్రతాంబూలమునకు అర్హమైనది. ఆయన ఊహ సరళము: ఫైలును నొక్కినచో వస్తువును తట్టినట్లు చప్పుడు కావలెను; పెద్ద ఫైలైనచో గంభీరముగా, చిన్నదైనచో తేలికగా; ఈడ్చినచో ఈడ్చిన చప్పుడు; చెత్తబుట్టలో వేసినచో పగిలిన చప్పుడు. ఒక ఫైలుకు నకలు తీయునప్పుడు మాత్రము నీరు పోయుచున్న ధ్వని వినబడును. కుళాయి క్రింద బిందె పెట్టి వంటయింటిలో పని చూచుకొను గృహిణి, బిందె వంక చూడకయే, నీటి సవ్వడి సన్ననై పైకి పోవుచుండగా ఇక నిండవచ్చినదని లేచి వచ్చును గదా. నీటిమట్టము పెరిగినకొలది పైనున్న గాలిస్తంభము పొట్టిదగుటచే దాని స్వరము హెచ్చుననుట భౌతికశాస్త్రము, గృహిణికి అది అనుభవము. గేవర్ ఆ అనుభవమునే తెచ్చి కంప్యూటరులో పెట్టెను: నకలు ఎంతవఱకు వచ్చినదో స్వరము హెచ్చుటనుబట్టి, తెఱను చూడకయే తెలియును. అంకెలతో గాని గీతతో గాని చెప్పనక్కఱలేనిదాని నంతటిని ఒక్క ధ్వని చెప్పినది. 1989లో ఆయన దీనిని గూర్చి వ్యాసమును ప్రకటించిన సంవత్సరముననే మీరా బ్లాట్నర్ మొదలగువారు భిన్నమార్గమును ప్రతిపాదించిరి: లోకములోని చప్పుళ్ళతో పోలిక లేని పొట్టి స్వరఖండములను కూర్చి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క అర్థమును నిర్ణయించి, వాడువారిచే అభ్యసింపజేయుట. చరిత్రలో గెలిచినది ఈ రెండవ మార్గమే. నేటి ఫోనులలోని గంటలును టింగుటింగులును దాని సంతానము. గెలుపునకు కారణము గుణాధిక్యమని నేను తలపను. స్వరఖండము ఏ పనికైనను అతుకును, ఏ సంస్థకైనను ముద్రగా ఉపకరించును. బిందె ధ్వని బిందెవలె నిండు పనికి మాత్రమే అతుకును. వ్యాపారమునకు స్వరఖండమే సులువు.

ధ్వనిని లోకనియమముగా నిలిపిన కృతులలో లుకింగ్ గ్లాస్ వారి ‘థీఫ్’ (1998) నకు సాటి వచ్చునవి నేటికిని అరుదు. ఇందు ఆటగాడు దొంగ. చలువరాతి మీదను ఇనుప జాలీ మీదను నడచినచో అడుగుల చప్పుడు దూరము పోయి కావలివారిని హెచ్చరించును, తివాసీమీదను గడ్డిమీదను అణగియుండును. అవసరమైనచోట నేలపై నాచు పఱచుటకు ప్రత్యేకమైన బాణములును కలవు. గోడలు, తలుపులు ధ్వనిని ఎట్లు ఆపునో, ఏ దారిగుండా పోనిచ్చునో లెక్కించు ఏర్పాటు లోపల నున్నది. అందుచేత ఆటగాడు తన చప్పుడును తానే విని, అది ఎదుటివాని చెవిలో ఎట్లు పడునో ఊహించుచు అడుగు వేయును. ఒకే ధ్వని ఇద్దఱికి ఉత్తరమగుట ఇచట విశేషము. మఱుసటి యేట వచ్చిన ‘సైలెంట్ హిల్’ లో కథానాయకునికి దొరకు చిన్న రేడియో, పిశాచములు సమీపించినప్పుడు గరగరలాడును. మంచు క్రమ్మిన వీధిలో కన్ను పనిచేయదు. ఆ గరగర మాత్రము ఏదో ఉన్నదని చెప్పును, ఎక్కడనో చెప్పదు. సగము సమాచారము పూర్తి సమాచారముకంటె ఎంత భయంకరమో ఆ ఆట ధ్వనికర్త అకిరా యమఓకా ఎఱిగినంతగా మఱెవరును ఎఱుగరు.

కాలమును గూర్చి కొంత చెప్పవలెను. ధ్వని బొమ్మకంటె 45 మిల్లీసెకన్లు ముందుగా వచ్చినను, 125 మిల్లీసెకన్లు వెనుకగా వచ్చినను చూపరులు పసిగట్టుదురని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రసారముల కొఱకు గుర్తించినది. ముందు మెఱుపు పిదప ఉఱుము వచ్చు లోకమున పెరిగిన చెవి ఆలస్యమును కొంత ఓర్చును, తొందరను ఓర్వదు. అది చూచువాని మాట. తన వేలితో తాకినవాడు ఇంకను నిష్ఠురుడు; తెఱమీది మృదంగమును తట్టినప్పుడు ధ్వని రవ్వంత వెనుకబడినను అది తాను వాయించినది కాదని వానికి తెలిసిపోవును. తీగ లేని హెడ్‌ఫోనులు పెక్కు 100 మిల్లీసెకన్లకు పైబడిన ఆలస్యమును చేర్చుచున్న ఈ దినములలో ఎన్నియో సంగీతపు యాప్‌లు ఇందువలననే నిష్ప్రయోజకములగుచున్నవి. మన తోలుబొమ్మలాటలో ఈ చిక్కే లేదు: బొమ్మను ఆడించువాడే కాలి క్రింది బల్లచెక్కను తొక్కి యుద్ధపు టకటకలను పలికించును, చేతికిని చప్పుడునకును నడుమ నున్నది ఒక్క దేహమే గనుక అవి ఎన్నడును తప్పవు.

ఆలస్యమునే అందముగా మార్చిన కృతి తెత్సుయా మిజుగుచి రూపొందించిన ‘రెజ్’ (2001). ఇందు ఆటగాడు కాల్చిన గుండు చప్పుడు కాల్చిన క్షణముననే వినబడదు. తాళములోని తరువాతి దెబ్బకు అందునట్లు అది జరుపబడును. శాస్త్రముప్రకారము ఇది ఆలస్యము, తప్పు. ఆడువానికి మాత్రము తానెట్లు నొక్కినను లయ తప్పకున్నదని తోచి, క్రమముగా తాను నిజముగనే లయతో నొక్కజొచ్చును. వేళకు వచ్చుటయన్న గడియారపు వేళయే కానక్కఱలేదు, లయకు అందినను అది వేళయేనని ఈ ఒక్క కృతి నేర్పినది. దీనికి పదేండ్లకు పూర్వమే మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌కానెల్ అనువారు లూకస్‌ఆర్ట్స్‌లో కల్పించిన ‘ఐమ్యూజ్’ పద్ధతి, ఆటగాడు స్థలము మార్చినప్పుడు పాట తెగకుండ స్వరసంధి చూచుకొని మఱొక పాటలోనికి మలుపు తిరుగుటను సాధించియుండెను. అది సంగీతమునకు సంబంధించినది గనుక ఇంతటితో విడిచెదను.

బొమ్మను పూర్తిగా తొలగించినచో ఏమగును? అంధులైన అభిమానులనుండి ఉత్తరములు రాగా, కెంజీ ఎనో 1997లో సెగా శాటర్న్ యంత్రముపై ‘రియల్ సౌండ్: కజె నో రిగ్రెట్’ అను ఆటను వెలువరించెను; తెఱ ఆద్యంతము శూన్యము, కథయంతయు చెవితోనే. 2010లో లండను నగరపు ‘సమ్‌థిన్ ఎల్స్’ సంస్థ ఐఫోనుకై చేసిన ‘పాపా సాంగ్రే’ లో ఆటగాడు రెండు బొటనవ్రేళ్ళతో ఎడమ కుడి అడుగులు వేయుచు, రెండు చెవులకు చేరు ధ్వనిలోని సూక్ష్మభేదమునుబట్టి దిక్కును గ్రహించి చీకటిలో నడచును. ఇవి అంధుల కొఱకైన ఉపకారములని మాత్రమే తలచుట పొరపాటు; దిక్కును, దూరమును, వస్తువు స్వభావమును ధ్వని ఒక్కటియే ఎంతవఱకు మోయగలదో కొలిచి చూపిన ప్రయోగములివి. 2020 నాటి ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ వంటి భారీ కృతిని చూపులేనివారు ఆద్యంతము ఆడగలిగిరి. 2017లో నింజా థియరీ వారి ‘హెల్‌బ్లేడ్’ అదే రెండు చెవుల విద్యను మఱొకవైపు త్రిప్పి, మనోవ్యాధితో బాధపడు నాయికకు వినబడు గొంతులను ఆటగాని తలచుట్టును త్రిప్పెను. కేంబ్రిడ్జి మనోవైద్యాచార్యుడు పాల్ ఫ్లెచర్ సలహాతోను, అట్టి గొంతులను విన్నవారి సలహాతోను అది రూపొందినది. ఆ గొంతులు నిందించును, భయపెట్టును, ఒక్కొక్కప్పుడు వెనుకనుండి వచ్చు శత్రువును గూర్చి హెచ్చరించి ప్రాణము కాపాడును గూడ. వానిని నమ్మవలెనా మానవలెనా యను సందిగ్ధమును ఆటగానికి అంటించుటలోనే దాని ప్రతిభ యున్నది.

చెవి లేనివారి పక్షము కూడ కలదు. 2004 నాటి ‘హాఫ్-లైఫ్ 2’ మాటలకే గాక చప్పుళ్ళకును అక్షరరూపము నిచ్చినది. అట్లే విననొల్లనివారి పక్షమున, దానంతట అది మొదలై 3 సెకన్లకు మించి మ్రోగు ధ్వనిని ఆపుటకు సాధనముండవలెనని వెబ్ సౌలభ్యప్రమాణములు విధించుచున్నవి. ఇవి కల్పకుని స్వేచ్ఛకు సంకెళ్ళని విసుగుకొనువారిని చూచితిని. ఆపుటకు వీలులేని ప్రత్యుత్తరమును వాగుడనుట మన వాడుక.

ప్రదర్శనశాలల సంగతి ఒక్క మాటతో తేల్చవలసివచ్చుచున్నది. కెనడా కళాకారుడు డేవిడ్ రోక్బీ 1980లలో ‘వెరీ నర్వస్ సిస్టమ్’ పేర కెమెరాతో దేహచలనమును పసిగట్టి గదియంతటను ధ్వనించునట్లు చేసెను. చేయి ఎత్తినచో ఒకటి, వంగినచో వేఱొకటి. జానెట్ కార్డిఫ్ 2001లో 16వ శతాబ్దపు టాలిస్ బృందగానమును 40 గొంతులుగా విడదీసి 40 స్పీకర్లలో నిలిపెను. ఇందు యంత్రము ఏమియు లెక్కింపదు; నడచువాని పాదములే గొంతులను ఎన్నుకొనును. రెంటిలో రెండవదే నాకు మిన్నగా తోచును.

ఇక నిత్యమైన బెడద పునరుక్తి. ఒకే అడుగు చప్పుడును వరుసగా మ్రోగించినచో నాలుగవ అడుగునకే చెవి మోసమును పట్టివేయును. అందుచేత ఎఫ్‌మాడ్, వైజ్ వంటి ఉపకరణములలో కల్పకులు ఒక అడుగునకు పలు రికార్డింగులుంచి, వెంటవెంటనే ఒకటే రాకుండ చూచి, శ్రుతిని బిగ్గఱతనమును రవ్వంత మార్చుచుందురు. ఈ సాధన సామాన్యమైనదే. కష్టము ఎక్కడనగా, రికార్డింగులు ఎక్కడివన్నదానిలో. 2018లో బీబీసీ 16,000కు పైగా తన చప్పుళ్ళను వెబ్‌లో వినుటకు పెట్టినది. బార్సిలోనాలోని విశ్వవిద్యాలయము 2005లో ప్రారంభించిన ఫ్రీసౌండ్ లోకమందలి అన్ని మూలలనుండి చప్పుళ్ళను పోగుచేసినది. ఇవి వరములే. అయినను అక్షరములు నేర్పు మన తెలుగు యాప్‌లలో పెక్కింటిని తెఱచినచో, పల్లె బొమ్మ వెనుక ఏ దేశపు పక్షులో కూయుచుండును. పిల్ల ‘క’ ను సరిగా దిద్దినచో ఎక్కడనో పెద్ద సభ చప్పట్లు చఱచును. చేనేత మగ్గమును గూర్చి ఒక పాఠము చేయుదమనుకొందము. పోచంపల్లిలో పది నిమిషములు మగ్గపు మోతను రికార్డు చేసి బొమ్మ వెనుక మ్రోగించుట తేలిక. కాలితో తొక్కునప్పటి దబ్బును, నాడె దూసుకొనిపోవు రివ్వును, పోగును బిగించు దెబ్బను విడివిడిగా పట్టి, పిల్ల వేలికి మూడు చేష్టలుగా అప్పగించినచో, క్రమము తప్పినప్పుడు మోతయే తప్పి, నేత అన్నది లయ అని ఆమెకు ఎవరును చెప్పకయే తెలియును. అందులో ఒక్క వింత చప్పుడును ఉండదు.

అబద్ధమాడు ధ్వనిని గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. జూదశాలలలోని పలు వరుసల యంత్రములలో ఒడ్డిన సొమ్ముకంటె తక్కువ తిరిగివచ్చినప్పుడు గూడ, అనగా నిజముగా నష్టపోయినప్పుడు గూడ, గెలుపు పాట మ్రోగును. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిని పరిశీలింపగా, అట్టి నష్టములను ఆటగాండ్రు గెలుపులుగనే ఎంచుచున్నట్లును, ఆ సందర్భములలో ఓటమి చప్పుడును వినిపించినచో వారు నష్టమును నష్టముగా గుర్తించుచున్నట్లును తేలినది. తెఱపై అంకెలు రెండు సందర్భములలోను సత్యమునే చెప్పుచున్నవి. చెవి కంటిని ఓడించినది. ఈ యంత్రములను చూచి నేర్చుకొనిన ఫోను ఆటలలో, దుకాణపు యాప్‌లలో, ఏమియు జరుగకున్నను నాణెములు గలగల రాలుచుండును. వృత్తినైపుణ్యమున ఇవి లోపము లేనివి: వేళకు వచ్చును, విసుగు పుట్టింపవు, వేలికి తియ్యగా తగులును. ఇట్టివానికి బహుమతులిచ్చు సభలు తీర్పులో ‘నిజము చెప్పినదా’ యను ఒక్క ప్రశ్నను చేర్చుకొనకపోవుట నాకు వింతగా నున్నది.

వెబ్ పుటలలో ధ్వనికి ఒక శిక్ష పడి కొంత కాలమైనది. ఫ్లాష్ కాలమున పుట తెఱచుటతోడనే పాటలు గుండె లదరగొట్టెడివి. 2018లో క్రోమ్, చూపరి తాకనిదే ధ్వని రాకుండ కట్టుదిట్టము చేసినది. కల్పకులు దీనిని గూర్చి మొఱపెట్టుకొనిరి గాని, అడుగక మునుపే చెప్పు బదులును అరికట్టిన ఈ నియమముకంటె ఈ కళకు మేలు చేసినది లేదు. ధ్వనిని బ్రౌజరులోనే పుట్టించి మలచుటకు వెబ్ ఆడియో పద్ధతి 2021లో వెబ్ సంఘపు ప్రమాణపదవి నందినది గనుక, చిన్న బృందములకును నేడు సాధనముల కొదవ లేదు.

కొదవ యున్నది స్పీకరులో. మన పాఠకులలో అధికసంఖ్యాకులు ఈ కృతులను వినునది ఫోను అడుగుననున్న వేలిగోరంత స్పీకరులో. అది కొన్ని వందల హెర్ట్జులకు దిగువనున్న ధ్వనిని దాదాపు పలుకనే పలుకదు. డప్పును రికార్డు చేసి ఫోనులో వినుడు: చిటికెన పుల్ల టకటక నిలుచును, సిర్ర యను కఱ్ఱ దెబ్బలోని గుండెలదరు గుంభనము మాయమగును. చెవికి ఒక గుణము కలదు, మంద్రస్వరము లేకున్నను దానిపై అంతస్తుల అనుస్వరములు వినబడినచో అడుగుస్వరమును తానే పూరించుకొనును. ఇది ఎఱిగినవారు సిర్ర దెబ్బకు పై అంతస్తులను కొంత పెంచి, స్టూడియో స్పీకర్లను ఆపివేసి, నూఱు రూపాయల ఇయర్‌ఫోనుతో ఒకసారి, ఏమియు లేకుండ బస్సు చప్పుడులో ఒకసారి విని, అప్పుడు కృతిని బయటకు విడుచుచున్నారు.